పుల్లపురుగు ఇంటిపేరు

హనుమకొండ కాలేజీ మ్యూజియంల
ముప్పై ఒక్క ఏండ్లు చీటీలు రాసిన.
చేతిరాత చూసి పెట్టుకున్నరు నన్ను,
చదువు చూసి కాదు.
నల్ల సిరా, సన్న పాళీ,
గోరంత కాగితం.
దాని మీద ఒక పురుగు బతుకంతా పట్టాలె.

పదకొండో అర పుల్లపురుగులది.
గుంజి చూపిస్తే కొత్త పిల్లలు అడుగుతరు:
"పురుగులేవి సార్? పుల్లలే ఉన్నయి."

మొదట్ల వీటిని మిడతల ఇంట్ల కలిపిన్రు.
దుంకవు, కూయవు.
అయినా పెద్దలు చెప్పిన్రు, నేను రాసిన.
తర్వాత వేరు కాపురం పెట్టించిన్రు.
మీసాలు పొడుగున్నయి ఒక దిక్కు, పొట్టియి ఒక దిక్కు.
కాలి పిక్క చివర ముక్కోణపు గుంట ఉన్నయి ఒక తెగ,
లేనియి ఇంకో తెగ.
ఆ గుంట కోసం భూతద్దం పట్టి పట్టి
నా ఎడమ కన్ను సగం అరిగింది.
అటెన్క కణం లోపలి రాత చదివెటోళ్ళొచ్చి
ఈ అన్నదమ్ములు అన్నదమ్ములే కాదన్నరు.
రెక్కలు పోగొట్టుకున్న వంశంల
మళ్ళ రెక్కలు మొలిచి ఉండొచ్చన్నరు,
కాదని ఇంకొకరన్నరు.
పాత చీటీ తీయకుంట
అదే సూదికి కొత్తది గుచ్చిన.
ఒక్కో పుల్ల కింద నాలుగేసి చీటీలు,
పహాణీ నకళ్ళ లెక్క.

లోకమ్మీద మూడు వేల రకాలకు పైననట.
వేలెడుది, మూరెడుది,
ఒళ్ళంత ముండ్లది, నాచు పట్టినట్టున్నది,
అచ్చం ఆకసోంటిది,
అంచుల మీద కొరికిన గుర్తులు సుత
పుట్టంగనే తెచ్చుకున్నది.
మా అరల తొమ్మిదే.
తొమ్మిదోదానికి పేరు లేదు.

దాన్ని తెచ్చింది ఓదెమ్మ, మా గదులు ఊడ్చే ఆమె.
ఖానాపురంల చెల్లెలింటి నుంచి
చీపురుపుల్లల కట్ట తెచ్చుకుంటే
అందుల ఒక పుల్ల నడిచింది.
"సారూ, గీ పుల్లకు పాణమున్నది."

గాజు డబ్బల పెట్టి జామాకు వేసినం.
ఒక కాలు లేదు.
కుబుసం విడిచినప్పుడల్ల ఇంత ఇంత మొలిచింది,
మిగతా అయిదింటి కంటె పొట్టిగ,
కని కాలే.
చీకట్ల మేసేది, లైటేస్తే పుల్లయ్యేది.
చచ్చిపోయిన సంగతి
రెండు రోజులు ఎవరికీ తెల్వలే.

బతికినన్ని దినాలు గింజలు రాల్చింది,
ఆవగింజ కంటె పెద్దయి, నెత్తిన చిన్న టోపీ.
గింజలే అనుకున్నది ఓదెమ్మ.
నేను సుత అంతే.
ఊడ్చి ఎనక జామచెట్టు కింద పోసింది.
టోపీల రుచికి చీమలు మోసుకపోయినయి.

ముందటేడు వానలకు
జామకొమ్మల మీద వెంట్రుక సన్న పుల్లలు,
పదిహేడు.
భూతద్దం పెట్టి ఫణిభూషణ్ సార్ అన్ని ఆడయే అన్నడు.
తల్లి సుత ఒంటరిదేనాయె.
"మగడు లేకుంటనా?" అన్న నేను.

ఓదెమ్మ నవ్వింది గని చీపురు ఆపలే.
"పుట్టినప్పుడు నాకొక ఇంటిపేరు,
పెండ్లికొకటి.
ఆయన ఇడిసిపెట్టినంక
రేషన్ కార్డుల ఇంకోటి తప్పు పడ్డది.
గదే నడుస్తున్నది.
దీనికేం రాస్తవు సారూ?"

గుడ్డు మూత చూసి ఇల్లు చెప్పెటోళ్ళున్నరట,
పార్సిల్ పంపినం.
జవాబు రాకముందే నా రిటైర్మెంట్ వచ్చింది.

ఆఖరి దినం సిరా బుడ్డి ఇప్పిన.
దొరికిన జాగ: ఖానాపురం.
కాలం: మొక్కజొన్న కంకి పాలు పట్టినప్పుడు.
తెచ్చినామె: ఓదెమ్మ.
ఆమె ఇంటిపేరు ఏది రాయాల్నో తెల్వక
ఆ జాగ సుత పురుగు పేరు లెక్కనే తెల్లగ ఇడిసిన.

దండలు, చాయ్, సమోసాలు అయినంక
జామచెట్టు కాడ నిలబడి లెక్కపెట్టిన.
ఏడు కానొచ్చినయి.
అందుల రెండు ఉత్త పుల్లలే.
గాలొచ్చి కొమ్మ ఊగింది,
పుల్లలన్ని ఊగినయి.
గాలి ఆగింది.
ఒక పుల్ల మాత్రం
ఇంకొంచెంసేపు ఊగింది.